1977లో అమెరికన్ పెద్ద కారు షెవర్లే కాప్రిస్ పొడవు 11 అంగుళాలు తగ్గినా లోపల చోటు ఎందుకు తగ్గలేదు? ఇప్పుడు కొనాలంటే ఏం చూసుకోవాలి?

పాత బండిలో వృథా అంతా మూతిలో, తోకలో, ఉబ్బెత్తు తలుపుల్లో ఉండేది. షెవర్లే సొంతదారు జీఎం (జనరల్ మోటార్స్) కోసింది అక్కడే. షెవర్లే కాప్రిస్ సెడాన్ పొడవు 1976లో 222.9 అంగుళాలు, 1977లో 212.1. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 121.5 నుంచి 116కి దిగింది, బరువు 600 పౌన్లకు పైగా తగ్గింది. ఎత్తు మాత్రం పెంచారు. సీటు కాస్త పైకి లేచి మనిషి నిటారుగా కూర్చుంటే కాళ్లకు తక్కువ పొడవు సరిపోతుంది. పక్క అద్దాలను కూడా నిటారుగా నిలబెట్టడంతో భుజాల దగ్గర ఇరుకు రాలేదు. 454 ఘనపు అంగుళాల పెద్ద ఇంజిన్ తీసేసి 250 సిక్స్ (ఆరు సిలిండర్లు), 305, 350 వీ8లు (ఎనిమిది సిలిండర్లు) ఇచ్చారు. పోటీ బండి ఫోర్డ్ ఎల్‌టీడీ ఇదే దారి పట్టడానికి 1979 దాకా పట్టింది. నా దృష్టిలో పెద్ద సెడాన్లలో ఇంత తెలివైన కోత మరొకటి లేదు.

అయితే బరువు ఆదా కోసం గేర్‌బాక్సును కూడా పలచన చేయడం పెద్ద పొరపాటు. కొనేముందు బండి కిందికి దూరి గేర్‌బాక్స్ ఆయిల్ పాన్ బోల్టులు లెక్కపెట్టండి. 13 ఉంటే అది టీహెచ్‌ఎం350 అనే గట్టి ఆటోమేటిక్ గేర్‌బాక్స్, నిశ్చింతగా ఉండొచ్చు. 11 ఉంటే పలచన చేసిన టీహెచ్‌ఎం200. దీంట్లో ఆయిల్ ప్రెషర్‌ను కార్బురేటర్ నుంచి వచ్చే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ నడిపిస్తుంది. అది వదులైతే ప్రెషర్ పడిపోయి క్లచ్ ప్లేట్లు జారి కాలిపోతాయి. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. మాడు వాసన, నల్లటి ఆయిల్ ఉంటే ధరలో గేర్‌బాక్స్ ఖర్చు తగ్గించి అడగండి. టీహెచ్‌ఎం200 బదులు టీహెచ్‌ఎం350 పెట్టించాలంటే, వెనక గొట్టం (తోక) 6 అంగుళాలున్న రకం పొడవు దానితో సమానం కాబట్టి వెనక చక్రాలకు శక్తినిచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయక్కర్లేదు. గేర్‌బాక్స్ ప్రెషర్‌ను సర్దే మాడ్యులేటర్‌కు ఇంజిన్ నుంచి వ్యాక్యూమ్ గొట్టం, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే గేర్ దించే కిక్‌డౌన్ కేబుల్ మాత్రం కొత్తగా అమర్చాలి.

ఇదే బాడీ మీద వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ 350 డీజిల్ జోలికి వెళ్లకండి. డీజిల్‌లోని నీటిని వేరుచేసే ఫిల్టర్ లేదు, ఇంజిన్ పైభాగాన్ని బిగించే హెడ్ బోల్టులు సాగి మధ్యలోని గాస్కెట్ పోతుంది.

చివరగా ఛాసిస్. వెనక యాక్సిల్ పైన వంపు తిరిగే చోట, బాడీని ఛాసిస్‌కు బిగించే మౌంట్ల దగ్గర తుప్పు ఉందేమో స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. లోపలికి దిగితే ఇంజిన్ ఎంత బాగున్నా ఆ బండి వద్దు.