వడ్రంగి పిట్టకి తల దిమ్మెక్కదా? నిలువు మాను మీద ఎలా నిలబడుతుంది?

అంతలా పొడిచినా వడ్రంగి పిట్టకి తల దిమ్మెక్కదా, నిలువు మాను మీద జారిపోకుండా ఎలా ఉంటుంది అని అడిగారు కదా. అందరూ తల గురించే అడుగుతారు గానీ నన్నడిగితే ముందు చూడాల్సింది తోక. రెండేళ్లుగా మా కిటికీ ఎదురుగా ఉన్న ఎండు మోడు మీదకి ఒక జంట వస్తోంది, బైనాక్యులర్స్‌తో గంటలు గంటలు చూశాను.

పొడిచే ముందు తోకని మానుకి గట్టిగా అదిమి పెడుతుంది, అప్పుడు రెండు కాళ్లూ తోకా కలిసి ముక్కాలిపీటలా కుదురుకుంటాయి. ఒకసారి మోడు కింద దాని తోక ఈక దొరికింది. మధ్య కాడ చీపురుపుల్లలా బిరుసుగా ఉంది, కొస మాత్రం మానుకి రాసుకుని రాసుకుని అరిగిపోయింది. మరి ఇలాంటి ఈకలు రాలిపోతే పిట్ట దేనికి ఆనుకుంటుంది? అందుకే నడిమి రెండు ఈకలూ చివరిదాకా ఆగి, చుట్టూ ఉన్నవి కొత్తగా మొలిచాకే రాలతాయట, అది తెలిసిన రోజు నాకు ఒళ్లు జలదరించింది. (పిక్యులెట్ అనే బుల్లి రకాలకి ఈ బిరుసు తోక ఉండదు.) కాలి వేళ్లు సాధారణంగా రెండు ముందుకి, రెండు వెనక్కి, ఎక్కేటప్పుడు వెనక వేళ్లలో ఒకటి పక్కకి తిరిగి పట్టు ఇస్తుంది. దిగేటప్పుడు కూడా తల పైకే ఉంచి, వెనక్కి వెనక్కి గెంతుతూ దిగుతుంది.

ఇక తల సంగతి. పుర్రె స్పాంజిలా దెబ్బని పీల్చుకుంటుందని నేనూ చాలాకాలం నమ్మాను. 2022లో మూడు జాతుల పిట్టల్ని హైస్పీడ్ కెమెరాతో తీసి పరిశీలిస్తే, ముక్కూ పుర్రే కలిసి ఒకే సుత్తిలా కదులుతున్నాయని తేలింది. ఆలోచిస్తే సబబే, సుత్తికి దూది చుట్టి కొడితే మేకు దిగుతుందా? మెదడు మరీ చిన్నది, తేలిక కాబట్టి తల టక్కున ఆగినా దాని మీద పడే ఒత్తిడి మన మెదడు తట్టుకోలేనంత స్థాయికి వెళ్లదు.

నాలుక మాత్రం ఒక్కసారే చూశాను, చిన్న కన్నంలోంచి సన్నటి దారంలా బయటికొచ్చి చటుక్కున మాయమైంది. దాన్ని నడిపే సన్నటి ఎముకలు పుర్రె వెనక నుంచి చుట్టుకుని నడినెత్తి మీదుగా ముందుకి వస్తాయి, కొన్ని జాతుల్లో ముక్కు రంధ్రం దాకా! కొసన ముళ్లు, పైన జిగట, లోపల దాక్కున్న పురుగు ఇక తప్పించుకోవడం కష్టమే.