కార్బురేటర్ శుభ్రం చేశాక చైన్‌సా స్టార్ట్ కాకపోతే, ముందు ప్లగ్ విప్పి చూడండి

కార్బురేటర్ విప్పి, క్లీనర్ కొట్టి, గాలి పట్టి మళ్లీ బిగించానన్నారు. అంతకుముందు చోక్ మీద కాసేపైనా ఆడేదని, ఇప్పుడు ఎంత తాడు లాగినా ఉలుకూ పలుకూ లేదని, కొత్త కార్బురేటర్ కొనేయాలా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. చిన్న టూ స్ట్రోక్ ఇంజిన్లు రిపేరు చేయడం నాకు బాగా అలవాటైన పని. శుభ్రం చేశాక మొరాయించిన రంపాల్లో ఎక్కువ వాటికి కొత్త కార్బురేటర్ అవసరమే పడలేదు. విప్పకముందు కాస్తో కూస్తో ఆడిన ఇంజిన్ విప్పాక ఆడటం లేదంటే, లోపం మీరు చేయి పెట్టిన చోటే ఉండే అవకాశం ఎక్కువ.

చోక్ వేసి నాలుగైదు సార్లు తాడు లాగి, స్పార్క్ ప్లగ్ విప్పి దాని కొన చూడండి. పొడిగా ఉంటే పెట్రోల్ సిలిండర్ దాకా రావడం లేదు. తడిగా ఉంటే పెట్రోల్ మరీ ఎక్కువవుతోంది, లేదా ప్లగ్‌లో స్పార్క్ రావడం లేదు. ఈ ఒక్క పనితో వెతకాల్సింది సగానికి సగం తగ్గిపోతుంది. ఇది చూడకుండా స్క్రూలు తిప్పడం మొదలుపెడితే ఉన్న సెట్టింగ్ కూడా పోతుంది.

పొడిగా ఉందనుకుందాం. ప్లగ్ రంధ్రంలో ఆయిల్ కలిపిన పెట్రోల్ నాలుగు చుక్కలు వేసి, ప్లగ్ బిగించండి. ఒలికింది తుడిచి, డబ్బా దూరంగా పెట్టి, చైన్ బ్రేక్ వేసి, రంపాన్ని నేల మీద అదిమిపట్టి లాగండి. రెండు క్షణాలు ఆడి ఆగిపోయిందంటే స్పార్క్, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని అదిమే ఒత్తిడి) పనిచేస్తున్నట్టే. పెట్రోల్ రాకపోవడమే సమస్య.

ఇక్కడే కార్బురేటర్ పనితీరు కొంచెం తెలియాలి. చైన్‌సాను ఎటు వంచినా ఆడాలి కాబట్టి ఇందులో బైక్ కార్బురేటర్‌లా ఫ్లోట్ ఉండదు. రెండు పలుచటి డయాఫ్రమ్‌లు, అంటే వంగే పొరలు, ఉంటాయి. క్రాంక్‌కేస్‌లో (పిస్టన్ కిందున్న ఇంజిన్ గదిలో) ఒత్తిడి పెరిగి తగ్గినప్పుడల్లా ఒక చిన్న రంధ్రం గుండా ఆ ఊపు వచ్చి పంపు డయాఫ్రమ్‌ను కదిలిస్తుంది. అది ట్యాంకులోంచి పెట్రోల్ లాగుతుంది. రెండో వైపున్న మీటరింగ్ డయాఫ్రమ్ ఒక చిన్న లివర్‌ను నొక్కి, పెట్రోల్ దారిని మూసి ఉంచే సూదిని తెరిచి, ఇంజిన్‌కు కావలసినంత పెట్రోల్ వదులుతుంది.

తిరిగి బిగించేటప్పుడు ఎక్కువమంది తడబడేది గాస్కెట్ల (భాగాల మధ్య లీకు కాకుండా పెట్టే పలుచటి అట్టల) వరుస దగ్గర. మీటరింగ్ వైపు బాడీకి ఆనుకుని ముందు గాస్కెట్, దాని మీద డయాఫ్రమ్, ఆపైన మూత. పంపు వైపు మామూలుగా దీనికి రివర్స్: ముందు డయాఫ్రమ్, తర్వాత గాస్కెట్, మూత. తారుమారైతే బయటికి అంతా బాగానే కనిపిస్తుంది, పెట్రోల్ మాత్రం రాదు. ఘాటైన క్లీనర్ తగిలితే డయాఫ్రమ్‌లు బిరుసెక్కుతాయి. వేళ్ల మధ్య వంచితే కరకరమంటే మార్చేయండి. మీటరింగ్ మూత మధ్యలో ఉండే చిన్న గాలి రంధ్రం కూడా తెరుచుకునే ఉండాలి.

ఒకాయన తెచ్చిన రంపంలో ఫిల్టర్, పైపు, డయాఫ్రమ్‌లు అన్నీ కొత్తవే, ప్లగ్ మాత్రం ఎప్పుడు తీసినా పొడిగానే ఉండేది. కార్బురేటర్ వెనక గాస్కెట్ తిరగేసి పెట్టడంతో, క్రాంక్‌కేస్ నుంచి ఊపు వచ్చే ఆ రంధ్రం మూసుకుపోయింది. సరిగ్గా పెట్టగానే పెట్రోల్ అందుకుంది. అందుకే కార్బురేటర్ మళ్లీ ఊడదీసినప్పుడు నేను ముందు చూసేది ఆ రంధ్రాన్నే.

లివర్ ఎత్తు కూడా చూడండి. మరీ కిందికి ఉంటే సూది తెరుచుకోదు, ప్లగ్ పొడి. మరీ పైకి ఉంటే సూది మూసుకోదు, ప్లగ్ తడి. ఎంత ఎత్తు ఉండాలో మీ మోడల్ మాన్యువల్ ప్రకారం పెట్టాలి, ఊహించి వంచకూడదు. ట్యాంకులోని పైపు చిట్లినా, ఫిల్టర్ పైపు నుంచి ఊడినా, ప్రైమర్ బల్బు (స్టార్ట్ చేసేముందు నొక్కి పెట్రోల్ లాగే రబ్బరు బుడగ) పైపులు అటూ ఇటూ మారినా పెట్రోల్ సరిగ్గా అందదు. పెట్రోల్ మోతాదు సరిచేసే ఎల్ (తక్కువ వేగం), హెచ్ (ఎక్కువ వేగం) స్క్రూలు తీసి ఉంటే, ఆనేదాకా మెల్లగా తిప్పి, ఒక్కో చుట్టు వెనక్కి తిప్పండి. చాలా మోడళ్లలో మొదటి సెట్టింగ్ అదే. గట్టిగా బిగిస్తే వాటి కొనలు పాడవుతాయి.

ఇక ప్లగ్ తడిగా ఉంటే, స్విచ్ ఆపి, చోక్ తీసి, ప్లగ్ విప్పి, థ్రాటిల్ పూర్తిగా నొక్కి పలుమార్లు లాగండి. లోపల నిండిన పెట్రోల్ బయటికి వచ్చేస్తుంది. ఆ సమయంలో ప్లగ్ వైరు రంధ్రానికి దూరంగా ఉండాలి, చిమ్మిన పెట్రోల్‌కు నిప్పు అంటుకోగలదు. తర్వాత ప్లగ్ ఆరబెట్టి, దాని కొనలో స్పార్క్ దూకే గ్యాప్ చూడండి, చాలావాటికి 0.5 మిల్లీమీటర్లు. మళ్లీ బిగించినా వెంటనే తడిసిపోతోందంటే సూది కింద నలుసు ఉండొచ్చు. స్పార్క్ అసలే లేకపోతే కాయిల్‌ను (స్పార్క్‌కు కరెంటు ఇచ్చే భాగాన్ని) అనుమానించేముందు స్టాప్ స్విచ్ వైరు చూడండి. కార్బురేటర్ పక్క నుంచి వెళ్లే ఆ సన్నటి వైరు మూత బిగించేటప్పుడు నలిగి లోహానికి తగిలితే, స్విచ్ ఆన్‌లో ఉన్నా ఇంజిన్‌కు ఆపేసినట్టే లెక్క.

పాత పెట్రోల్ అయితే పారబోయండి, ముఖ్యంగా ఇథనాల్ కలిసినది నెలల తరబడి ట్యాంకులో ఉండిపోయి ఉంటే. 50:1 (యాభై వంతుల పెట్రోల్‌కు ఒక వంతు ఆయిల్) అని ఉన్న రంపానికి లీటరుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ సరిపోతుంది.

కొత్త కార్బురేటర్ ఎప్పుడు కొనాలంటే, పెట్రోల్ వచ్చే సన్నటి జెట్లలో తీగ దూర్చి రంధ్రాలు పెద్దవి చేసి ఉంటే, లేదా కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టడం వల్ల మెయిన్ నాజిల్‌లోని చిన్న చెక్ వాల్వ్ (ఒకవైపే తెరుచుకునే వాల్వ్) పాడై ఉంటే. లేదంటే డయాఫ్రమ్ కిట్ చాలు. కార్బురేటర్ బాడీ మీద చెక్కి ఉన్న నంబరు చూసి కిట్ తీసుకోండి, ఒకే మోడల్ రంపానికి వేర్వేరు కార్బురేటర్లు వచ్చిన సందర్భాలున్నాయి. ముందు ప్లగ్ తడో పొడో చూసి ఇక్కడే రాయండి, అక్కడి నుంచి చూద్దాం.