పాత పాస్‌పోర్టుకు 2028 దాకా గడువు ఉంది, దానితో ఇండియా రావచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. ఉద్యోగం మీద 2011లో డెన్మార్క్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. మావారు పుట్టుకతోనే డేనిష్. 2021 అక్టోబరులో నాకూ డేనిష్ పౌరసత్వం వచ్చింది. డెన్మార్క్ రెండు పౌరసత్వాలకు ఒప్పుకుంటుంది కాబట్టి నా ఇండియన్ పాస్‌పోర్టు అలాగే ఉంచుకున్నాను. 2022 డిసెంబరులో దానితోనే ఇండియా వచ్చి వెళ్లాను, ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు అమ్మకు పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో ఉంది. నేను రావడం లేదని అన్నయ్య రోజూ నిష్ఠూరమాడుతున్నాడు. ఇక్కడ విమానం ఎక్కేటప్పుడు డేనిష్ పాస్‌పోర్టు, శంషాబాద్‌లో దిగాక ఇండియన్ పాస్‌పోర్టు చూపిస్తే వీసా గొడవే ఉండదని తెలిసిన ట్రావెల్ ఏజెంటు అంటున్నాడు. పాత ప్రయాణానికి మూడేళ్లు దాటిపోయింది కాబట్టి దాని మీద కేసు కూడా ఉండదట. మావారు, ఆరేళ్ల పాప కూడా వస్తామంటున్నారు. అమ్మ తన రెండెకరాల పొలం నా పేర గిఫ్ట్ రాస్తానంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కోపెన్‌హాగెన్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు ఉంది. అందులో మీ సమస్యను తేల్చేది ఒక్క వాక్యమే: 2021 అక్టోబరులో మీకు డేనిష్ పౌరసత్వం వచ్చింది. మీ భారత పౌరసత్వం ఆ రోజే పోయింది. మీరు వదులుకోలేదు, ఎవరూ రద్దు చేయలేదు, దానంతట అదే పోయింది. 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 9 చెప్పేది ఇదే. తన ఇష్టంతో మరో దేశ పౌరసత్వం తీసుకున్న భారతీయుడు ఆ క్షణం నుంచి భారత పౌరుడు కాదు.

డెన్మార్క్ ఒప్పుకుంది కదా అన్న మీ మాట దగ్గరే అసలు పొరపాటు జరిగింది. 2015 సెప్టెంబరు 1 నుంచి డెన్మార్క్ ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతిస్తోంది. పాత పౌరసత్వం వదులుకోమని వాళ్లు మిమ్మల్ని అడగకపోవడానికి కారణం అదే. కానీ వాళ్లు అడగకపోవడం వేరు, మన చట్టం ఒప్పుకోవడం వేరు. మీరు భారత పౌరురాలా కాదా అన్నది ఢిల్లీ చట్టం చెబుతుంది, కోపెన్‌హాగెన్ చట్టం చెప్పదు. యూరప్‌లో ఉన్న మనవాళ్లు చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తున్నారు.

పాస్‌పోర్టు మీద 2028 అని ఉంది కదా అంటారు. పాస్‌పోర్టు పౌరసత్వాన్ని ఇవ్వదు. పౌరసత్వం ఉన్నవారికి ప్రయాణం కోసం ఇచ్చే పత్రం అది, అంతే. పౌరసత్వం పోయాక దాని మీద అచ్చయిన తేదీకి విలువ లేదు.

ఇక సాక్ష్యం సంగతి. ఎవరికి తెలుస్తుందిలే అన్న ధీమా మీ ఉత్తరమంతా కనిపిస్తోంది. డెన్మార్క్‌లో విదేశీయులకు పౌరసత్వం ఇచ్చేది ఫోల్కెటింగ్ అనే వాళ్ల పార్లమెంటు. అది చేసే చట్టంలోనే ఒక్కొక్కరి పేరూ అచ్చవుతుంది. ఆ తర్వాత మున్సిపాలిటీ వేడుకలో సంతకం చేసి, కరచాలనం చేసి వస్తారు. అంటే మీ పేరు ఒక దేశపు చట్టంలో ఉంది. దాన్ని ఎక్కడ దాస్తారు? మన వైపు కూడా, పౌరసత్వ నిబంధనల మూడో షెడ్యూలు ప్రకారం మీరు మరో దేశ ప్రభుత్వం నుంచి పాస్‌పోర్టు పొందడమే ఆ దేశ పౌరసత్వం తీసుకున్నారనడానికి తిరుగులేని రుజువు. తిరుగులేని రుజువు అంటే దానికి వ్యతిరేకంగా మీరు ఏ కాగితం తెచ్చినా చూడరు. ఈ నిబంధన చెల్లుతుందని 1962లోనే ఇజహార్ అహ్మద్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది.

మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే వేములవాడ మాజీ ఎమ్మెల్యే కేసు చూడండి. 1993లో జర్మన్ పౌరసత్వం, 2009లో మళ్లీ భారత పౌరసత్వం. దరఖాస్తుకు ముందు ఏడాదిలో చేసిన విదేశీ ప్రయాణాల వివరాలు దాచారన్నదే వివాదం. అది ఏళ్ల తరబడి నలిగి, చివరికి 2024 డిసెంబరులో ఆయన జర్మన్ పౌరుడేనని తెలంగాణ హైకోర్టు తేల్చింది, 30 లక్షల రూపాయల ఖర్చులు కూడా విధించింది. ఇలాంటి కేసుల్లో ఎప్పుడు ఏ పాస్‌పోర్టుతో ఎక్కడ దాటారన్న రికార్డు ఎన్నేళ్లయినా అలాగే ఉంటుంది. మనం మరచిపోతాం, అది మరచిపోదు.

ఏజెంటు సలహా విషయంలో గట్టిగా చెబుతున్నాను: ఆ పని చేయకండి. ఎందుకు వద్దో కళ్లకు కట్టేలా చెబుతాను. శంషాబాద్‌లో దిగి ఇండియన్ పాస్‌పోర్టు చూపించారు, ముద్ర వేశారు, బయటికి వచ్చారు. బాగానే ఉంది. మూడు వారాల తర్వాత తిరుగు ప్రయాణం. చెక్-ఇన్ కౌంటర్ దగ్గర అమ్మాయి మీ ఇండియన్ పాస్‌పోర్టు తిరగేసి, ‘మేడమ్, డెన్మార్క్ వీసా ఏది? రెసిడెన్స్ కార్డు ఏది?’ అని అడుగుతుంది. 2022లో మీ చేతిలో పాత రెసిడెన్స్ కార్డు ఇంకా ఉందని మీరే రాశారు. గండం గడిచింది అందుకే. ఇప్పుడది లేదు. ఇక మీరు తీయగలిగింది డేనిష్ పాస్‌పోర్టు ఒక్కటే. అందులో భారత వీసా లేదు, దిగిన ముద్ర లేదు. అక్కడి నుంచి మిమ్మల్ని ఇమిగ్రేషన్ అధికారి గదికి తీసుకెళ్తారు. వీసా లేకుండా దేశంలోకి వచ్చిన విదేశీయురాలిగా మీరు ఆయన ముందు కూర్చోవాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం కింద దానికి శిక్ష ఐదేళ్ల వరకు జైలు, లేదా ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. అమ్మ ఆసుపత్రిలో, మీరు పోలీస్ స్టేషన్‌లో, పాప మీ చెయ్యి పట్టుకుని. సలహా ఇచ్చిన ఏజెంటు ఆ రోజు ఫోన్ కూడా ఎత్తడు.

మూడేళ్లు దాటితే కేసు ఉండదన్నది సగం తెలిసినవాళ్లు చెప్పే మాట. కాలపరిమితి నేరానికి పడే గరిష్ఠ శిక్షను బట్టి ఉంటుంది. ఏడాదికి మించి మూడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకే మూడేళ్ల గడువు. పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 12(1) కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లు కాబట్టి, దాని వరకు మీ ఏజెంటు లెక్క సరిపోవచ్చు. పైగా ఆ చట్టం కింద కేసు నడపాలంటే కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. కానీ 2022 నాటికి అమల్లో ఉన్న 1946 విదేశీయుల చట్టం సెక్షన్ 14లో శిక్ష ఐదేళ్ల వరకు ఉంది. మూడేళ్లకు మించి శిక్ష ఉన్న నేరానికి కాలపరిమితే లేదు. ఆ పాత ప్రయాణం ఇంకా మీ నెత్తిమీదే ఉంది. ఇంకో ప్రయాణం దానికి జోడించకండి.

ఒక్క విషయం మీరే రాసి పంపండి: 2021 అక్టోబరు తర్వాత ఇండియన్ పాస్‌పోర్టును రెన్యూ చేయించారా? మీ ఉత్తరాన్ని బట్టి చేయించలేదనే అనుకుంటున్నాను. చేయించి ఉంటే సంగతి పూర్తిగా వేరు. పౌరుడు కానివాడు జాతీయత దాచి పాస్‌పోర్టుకు దరఖాస్తు చేస్తే సెక్షన్ 12(1ఏ) కింద కనీసం ఏడాది, గరిష్ఠంగా ఐదేళ్లు జైలు. అలా అయితే ఏ కార్యాలయానికీ వెళ్లకముందే వకీలును కలవండి.

నాలుగేళ్లకు పైగా మీరు చేయాల్సిన పని ఒక్కటే: పాస్‌పోర్టు సరెండర్ చేసి సర్టిఫికెట్ తీసుకోవడం. చదువుకున్నవారు, పెద్ద ఉద్యోగంలో ఉన్నారు. పన్ను కాగితాలు గడువు తప్పకుండా వేస్తారు. దీనికి మాత్రం తీరిక దొరకలేదు. ఇవాళ అమ్మ దగ్గరికి రావడానికి అడ్డుపడుతున్నది చట్టం కాదు, ఆ వాయిదా. కోప్పడుతున్నానని అనుకోకండి, ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తాయి. అన్నిట్లోనూ అమ్మో నాన్నో ఆసుపత్రిలో ఉంటారు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. రేపు ఉదయమే కోపెన్‌హాగెన్‌లోని భారత రాయబార కార్యాలయానికి ఫోన్ చేసి, ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద డాక్టరు రాసిన కాగితం ఉందని, అత్యవసరమని చెప్పండి. ఆ కాగితం అన్నయ్యను ఇవాళే తీసి పంపమనండి. పేరు, వయసు, జబ్బు, చేర్చిన తేదీ, డాక్టరు సంతకం, ముద్ర ఉండాలి. వాట్సాప్‌లో అమ్మ మంచం ఫొటో పనికిరాదు. సరెండర్ దరఖాస్తు, వీసా దరఖాస్తు రెండూ ఒకేసారి ఇవ్వండి. పాత ఇండియన్ పాస్‌పోర్టు, డేనిష్ పాస్‌పోర్టు, డేనిష్ పౌరసత్వ ధ్రువపత్రం పట్టుకెళ్లండి. పౌరసత్వం ఎప్పుడు వచ్చింది, ఆ తర్వాత పాత పాస్‌పోర్టుతో ప్రయాణించారా అని అడుగుతారు. 2022 ప్రయాణం దాచకుండా రాయండి. జరిమానా వేస్తే కట్టి రసీదు తీసుకోండి. తనంతట తానుగా వచ్చి చెప్పినవారి విషయం సాధారణంగా జరిమానాతో తేలిపోవడమే నేను చూశాను.

రాయబార కార్యాలయం ఈ-వీసా వేసుకోమంటే వేసుకోండి. డేనిష్ పౌరులకు ఆ సౌకర్యం ఉంది, హైదరాబాద్ విమానాశ్రయంలో దిగవచ్చు. దరఖాస్తులో ఒక చోట మీ జాతీయత పుట్టుకతో వచ్చిందా, తర్వాత తీసుకున్నదా అని అడుగుతుంది, వెనుకటి జాతీయత ఏమిటో కూడా అడుగుతుంది. మీవారిలాగే ‘పుట్టుకతో’ అని నొక్కేస్తే సరిపోతుందని ఎవరైనా చెబుతారు. అదే ఫారంలో పుట్టిన ఊరు గుంటూరు, పుట్టిన దేశం ఇండియా అని మీరే నింపాలి. ఒక పేజీలోని అబద్ధాన్ని ఇంకో పేజీ బయటపెడుతుంది. అమ్మకు తోడుగా ఉంటాను కదా అని మెడికల్ అటెండెంట్ రకం ఎంచుకోకండి. వైద్యం కోసం మెడికల్ వీసా మీద ఇండియా వచ్చే విదేశీ రోగి వెంట వచ్చేవారికి అది. బంధువులను చూడటానికి టూరిస్టు ఈ-వీసా సరిపోతుంది. ముప్పై రోజులది పొడిగించరు, అమ్మ పరిస్థితి చూసుకుని ఏడాదిదో ఐదేళ్లదో తీసుకోండి. ప్రయాణానికి కనీసం నాలుగు రోజుల ముందు వేయాలి. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ప్రభుత్వ సైటు ఇండియన్‌వీసాఆన్‌లైన్ డాట్ గవ్ డాట్ ఇన్ ఒక్కటే. అలాగే కనిపించే ప్రైవేటు సైట్లకు డబ్బు కట్టకండి.

మీవారికి, పాపకు విడివిడిగా వీసాలు కావాలి, పిల్ల తల్లి వీసా మీద రాదు. మీవారికి మీలాంటి చిక్కు లేదు కాబట్టి ఆయన, పాప ఈ-వీసాలు ఈ రాత్రే వేయవచ్చు. మీ వీసా ఆలస్యమైతే వాళ్లు ముందు బయలుదేరవచ్చు. అమ్మమ్మను చూడటానికి పాప రావడం కూడా చిన్న విషయం కాదు.

సరెండర్ సర్టిఫికెట్ చేతికి వచ్చాక, విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుకు దరఖాస్తు చేయండి. జీవితాంతం వీసా బాధ ఉండదు. మీ పెళ్లి రిజిస్టరై రెండేళ్లు దాటి ఉంటే మీవారూ, మీ బిడ్డగా పాపా అర్హులే. కానీ ఓసీఐ ఫారంలో ఏదైనా దాస్తే సెక్షన్ 7డి కింద తర్వాత రద్దు చేయవచ్చు. ఈ ఓసీఐ దరఖాస్తు మీద ప్రతికూల ఉత్తర్వు వస్తే, పౌరసత్వ చట్టం కింద సవరణ, సమీక్ష కోరడానికి 30 రోజులే గడువు. ఉత్తర్వు అందిన తేదీ కవరుతో సహా భద్రపరచండి.

పొలం సంగతి. ఇప్పుడు గిఫ్ట్ డీడ్ రాయించకండి. విదేశీ మారక నిబంధనల ప్రకారం ఓసీఐ ఉన్నవారు కూడా వ్యవసాయ భూమిని గిఫ్ట్‌గా తీసుకోకూడదు. వారసత్వంగా వస్తే మాత్రం తీసుకోవచ్చు. అమ్మకు స్పృహ బాగా ఉండి, మాట స్పష్టంగా ఉంటే వీలునామా రాసి రిజిస్టర్ చేయించవచ్చు. ఆ రోజు చికిత్స చేసే డాక్టరు సర్టిఫికెట్ తీసుకోండి, ఒక సాక్షిగా డాక్టరునే పెట్టండి. పక్షవాతం వచ్చిన మనిషి సంతకాన్ని కోర్టులో ముందుగా ప్రశ్నించేది సొంతవాళ్లే. అన్నయ్యకు తెలియకుండా చేయకండి. పాత ఆధార్, ఓటరు జాబితా చూపించి మీరు ఇంకా భారతీయురాలేనని సబ్ రిజిస్ట్రార్ ముందు ఎక్కడా సంతకం పెట్టకండి. ఓటరు జాబితాలో పేరు ఉంటే తీసేయమని దరఖాస్తు ఇవ్వండి.

ఏజెంటుకు అడ్వాన్స్ ఇచ్చి ఉంటే వెనక్కి అడగండి, టికెట్ తేదీ వీసా చేతికి వచ్చాకే ఖాయం చేయండి. ముందు అన్నయ్యకు ఫోన్ చేసి డాక్టరు కాగితం అడగండి.