టిక్కు లైబ్రరీకి, నడక జెరాక్సు షాపుకి

ప్రశ్న: పల్లెల నుంచి వచ్చి డిగ్రీ చదివే ఆడపిల్లలు పీజీ చదువుల గురించి ఎక్కడ తెలుసుకుంటారన్నది నా పీహెచ్‌డీ అంశం. మూడు కాలేజీల్లో 210 మందితో ప్రశ్నావళి నింపించాను. ఎక్కువమంది 'గ్రంథాలయం' దగ్గరే టిక్కు పెట్టారు. తీరా ఒక కాలేజీ లైబ్రరీ రిజిస్టరు చూస్తే రోజుకు పది సంతకాలు కూడా లేవు. దేన్ని నమ్మాలి? ప్రశ్నావళి జతచేస్తున్నాను.
– పరిశోధక విద్యార్థిని, అనంతపురం

జవాబు: రెండిట్నీ పూర్తిగా నమ్మొద్దమ్మా. కడపలో ముప్పై ఏళ్లు రిజిస్టరు పక్కనే కూర్చున్నవాణ్ని. దారానికి కట్టిన పెన్ను రాయకపోతే ఆ వారమంతా మా లైబ్రరీకి ఎవరూ రానట్టే లెక్క.

ఇక టిక్కుల సంగతి. కాగితం ఇచ్చింది లైబ్రరీ సైన్సు చదివే మీరు. పక్కన లెక్చరరు. 'లైబ్రరీకి పోను' అని ఏ పిల్ల రాస్తుంది? పైగా మీ కాగితంలో లైబ్రరీ, ఇంటర్నెట్, అధ్యాపకులు, పత్రికలు అని నాలుగే గడులు. దరఖాస్తు నింపిపెట్టే నెట్ సెంటర్ అన్న ఎక్కడ? హాస్టల్లో పక్క మంచం అక్క ఎక్కడ?

ఒకసారి ఒక పిల్లోడొచ్చి, "సార్, ఎడ్యుకేషన్ బుక్కులు యాడుంటాయి?" అన్నాడు. పనిలో ఉండి మూడో బీరువా చూపించా. అరగంట తర్వాత చూస్తే విద్యా మనోవిజ్ఞానం పుస్తకం పట్టుకుని అట్లే నిలబడున్నాడు. "ఏం కావాల అబ్బీ?" అంటే నసిగాడు. వాళ్లక్క ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసిందట, బీఈడీ కోసం ఎడ్‌సెట్ రాయనిస్తారా లేదా అని. మూడో బీరువాలో అదెక్కడుంటుంది? నాకూ తెలీదన్నా. మర్నాడొచ్చి, జెరాక్సు షాపాయన నోటిఫికేషన్ తీసి చూపించాడని చెప్పిపోయాడు. పాపం, నేనూ తెలుసుకోవాలని కాబోలు!

మనిషి కౌంటరు దగ్గర అడిగేది తనకు కావాల్సింది కాదు, లైబ్రరీలో ఏం దొరుకుతుందనుకుంటాడో దానికి తగ్గట్టు కుదించుకున్న ప్రశ్న అని రాబర్ట్ టేలర్ అనే అమెరికన్ 1968లోనే రాశాడు. నేను చదివి పరీక్ష రాసిన పాఠమే అది. ఆ పిల్లోడి ముందు గుర్తు రాలేదు.

మీ 210 కాగితాలు పారేయొద్దు. వాళ్లలో ఓ ఇరవై మందిని లెక్చరర్లు లేనప్పుడు, ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అడగండి: "చివరిసారి పీజీ గురించి ఏదైనా తెలుసుకోవాల్సి వచ్చినప్పుడు ఏం జరిగిందో చెప్పమ్మా." ఎవరికి ఫోన్ చేసింది, ఆ ఫోన్ ఎవరిది, నాన్నకు తెలిసే చేసిందా, చెప్పినాయన మాట నిజమో కాదో ఎట్లా తేల్చుకుంది, అన్నీ రాబట్టండి. ఫోన్ ఎవరిదన్నది మాత్రం మరవొద్దు. నా లెక్కలో సగం కథ అక్కడే ఉంటుంది.

దీనికి గైడుకు చెప్పుకోవడానికి పేరు కూడా ఉంది: క్రిటికల్ ఇన్సిడెంట్ టెక్నిక్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా వైమానిక దళంలో చేసిన పని నుంచి పుట్టింది. జాన్ ఫ్లానగన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త దాని గురించి 1954లో రాశాడు. అభిప్రాయం అడగొద్దు, జరిగింది అడుగు అన్నదే దాని సారం. టిక్కుకూ కథకూ పొంతన కుదరని చోట్లన్నీ కలిపి ఒక అధ్యాయమే చెయ్యండి.

లైబ్రరీకి ఎంతమంది వస్తున్నారో తేల్చాలంటే మాత్రం, ఒక వారం తలుపు దగ్గర కూర్చుని మీరే లెక్కపెట్టండి. పెన్ను ఇంటినుంచే తీసుకుపోండి.