టెక్ సందేహాలు: నీలం స్క్రీన్ వచ్చిందని ఫార్మాట్ కొట్టించకండి

ఈ పదిహేను రోజుల్లో వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే గోడు. సిస్టమ్ క్రాష్ అవుతోంది, షాపులో ఫార్మాట్ కొట్టాలంటున్నారు (అంటే డిస్కంతా తుడిచేసి విండోస్ మళ్లీ వేయాలంటున్నారు), ఏం చేయమంటారు అని. అందుకే ఫోన్ల ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను.

మండపేట నుంచి ఒక రైస్ మిల్లు గుమాస్తా: మిల్లు ఆఫీసులో ఆరేళ్ల నాటి కంప్యూటర్ ఉంది. పొద్దున్న బాగానే పనిచేస్తుంది. పదకొండు దాటాక ఉన్నట్టుండి నీలం స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అవుతోంది. రెండుసార్లు ఫార్మాట్ చేయించాం, వారం తిరక్కుండా మళ్లీ మొదలు. స్క్రీన్ మీద ఒకసారి 'మెమొరీ మేనేజ్‌మెంట్' అని, ఇంకోసారి ఇంకేదో ఉంటోంది. కొత్తది కొనేయమంటారా?

అప్పుడే కొనకండి. సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది.

కాలువకు గండి పడిందని కబురొస్తే కాలువల కాపలా చూసే లస్కర్లు ముందు చేసే పని పైన తలుపులు దించెయ్యడం. నీళ్లు ఆగిపోయాయని కింది రైతులు తిట్టుకుంటారు గానీ, దించకపోతే చేలు మునిగిపోతాయి. విండోస్‌లో కెర్నెల్ అనే భాగం చేసేదీ ఇదే. ర్యామ్ (పని నడుస్తున్నంత సేపు లెక్కలు పట్టుకునే మెమొరీ), డిస్క్, ప్రింటర్, అన్నీ దాని చేతి మీదుగానే నడుస్తాయి. ఎక్కడో లెక్క తప్పిందని దానికి తెలిస్తే, ఆ తప్పుడు లెక్క డిస్కు మీదికి ఎక్కకుండా మొత్తం మెషీన్‌నే ఆపేస్తుంది. ఆగుతూ ఆగుతూ కారణం ఒక్క ముక్కలో స్క్రీన్ మీద రాస్తుంది. దాన్నే స్టాప్ కోడ్ అంటారు. 2025 నుంచి విండోస్ 11లో ఈ స్క్రీన్ నలుపు రంగులో వస్తోంది, పని మాత్రం అదే. ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ ఫొటో లేకుండా షాపుకు వెళ్తే వాళ్లకు తెలిసిన మందు ఫార్మాట్ ఒక్కటే.

మీకు ఆ మందు రెండుసార్లు పడింది, జ్వరం తగ్గలేదు. విండోస్ పాడైతే మొదటి ఫార్మాట్‌తోనే పోవాలి. పైగా కోడ్ మారుతోంది అంటున్నారు. తప్పు ఒక డ్రైవర్‌ది (ప్రింటర్ లాంటి పరికరాన్ని విండోస్‌తో కలిపి నడిపే సాఫ్ట్‌వేర్‌ది) అయితే సాధారణంగా ఒకే కోడ్ పదేపదే కనిపిస్తుంది. రోజుకొక రకం వస్తుంటే నేను ముందు ర్యామ్‌ను, తర్వాత కరెంటును అనుమానిస్తాను. పొద్దున్న బాగుండి పదకొండు తర్వాత చెడుతోందంటే వేడి కూడా తోడైనట్టే.

తణుకు దగ్గర ఒక మిల్లులో ఇలాగే పిలిస్తే వెళ్లి సీపీయూ డబ్బా విప్పాను. లోపల ప్రాసెసర్ మీది ఫ్యాను రెక్కలు కనిపించలేదు. తవుడు దుమ్ము మూకుడుకు అంటిన దిబ్బరొట్టె మాడులా పట్టేసింది. తవుడులో నూనె ఉంటుంది కదా, మామూలు దుమ్ములా ఊదితే రాదు. గీకాల్సి వచ్చింది. ఫ్యాను కింద అల్యూమినియం రేకుల మధ్య ఒక్క సందు కూడా ఖాళీ లేదు, ఇక గాలి ఎక్కడి నుంచి ఆడుతుంది?

మీరు కూడా ప్లగ్గు పీకేసి, డబ్బాను మిల్లు బయటికి తెచ్చి పక్క తలుపు తీయండి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాను గిర్రున తిరగకుండా పుల్ల అడ్డం పెట్టండి. పట్టేసిన చోట మెత్తటి బ్రష్ వాడండి. తర్వాత ర్యామ్ బయటికి తీసి, బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, క్లిప్పు టక్కున పడేదాకా నొక్కండి. మన తేమకు ఆ పళ్లు మసకబారడం నేను చాలా చోట్ల చూశాను. ఈ రబ్బరు వైద్యాన్ని చూసి నవ్వేవాళ్లున్నారు గానీ, నా చేతిలో అది చాలాసార్లు పనిచేసింది.

అప్పుడు స్టార్ట్‌లో 'విండోస్ మెమొరీ డయాగ్నోస్టిక్' అని టైప్ చేసి నడపండి. రీస్టార్ట్ అయి ర్యామ్‌ను పరీక్షిస్తుంది. తప్పు చూపిస్తే, రెండు ర్యామ్‌లు ఉన్నవాళ్లు ఒక్కొక్కటే పెట్టి మళ్లీ నడిపితే దొంగ దొరుకుతుంది. ర్యామ్ ఒక్కటి మార్చడానికి కంప్యూటర్ మొత్తం మార్చక్కర్లేదు.

ఇంకో సంగతి. మిల్లు మోటారు వేసినప్పుడు ఆఫీసులో లైటు ఒక్కసారి మసకబారుతోందా? అయితే వోల్టేజీ పడిపోతున్నట్టే. ఎర్తింగ్, యూపీఎస్ బ్యాటరీ రెండూ చూపించండి. స్టార్ట్‌లో 'రిలయబిలిటీ హిస్టరీ' అని వెతికితే ఏ రోజు ఏ గంటకు ఆగిందో ఎర్ర గుర్తులతో కనిపిస్తుంది. దాన్ని మీ మిల్లు ఆడిన గంటలతో పోల్చి చూడండి. విండోస్ తనలో జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నెల్ పవర్ 41' కనిపిస్తే కంగారు పడకండి. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే దానర్థం, కరెంటు పోయినా అదే పడుతుంది.

పాలకొల్లు నుంచి ఒక టీచరు గారు: రాత్రి అప్‌డేట్ పడింది. పొద్దున్నుంచి ల్యాప్‌టాప్ లోగో దాకా వచ్చి మళ్లీ మొదటికే వస్తోంది. పిల్లల మార్కులన్నీ అందులోనే ఉన్నాయి.

టెన్షన్ పడకండి మేడం, మార్కులు చాలా వరకు భద్రంగానే ఉండి ఉంటాయి. ముందు పెన్‌డ్రైవ్, ప్రింటర్ కేబుల్ లాంటివన్నీ పీకేయండి. ఆన్ చేసి, లోగో రాగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే విండోస్ తనంతట తానే రిపేర్ స్క్రీన్‌కు వెళ్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ అని వరసగా వెళ్లి, లేటెస్ట్ క్వాలిటీ అప్‌డేట్‌ను తీసేయండి. అప్‌డేట్ తర్వాత మొదలైన గొడవ చాలాసార్లు దీంతోనే సర్దుకుంటుంది.

సర్దుకోకపోతే అక్కడే స్టార్టప్ సెట్టింగ్స్ ఉంటుంది. రీస్టార్ట్ నొక్కాక 4 నొక్కితే సేఫ్ మోడ్. మరీ అవసరమైన డ్రైవర్లతో మాత్రమే విండోస్ లేస్తుంది. లేచిన వెంటనే రిపేర్ల జోలికి పోకుండా మార్కుల ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. 'రీసెట్ దిస్ పీసీ' ఆఖరి మెట్టు. అందులో 'కీప్ మై ఫైల్స్' ఎంచుకుంటే మీ ఫైళ్లు ఉంటాయి, వేసుకున్న సాఫ్ట్‌వేర్లు పోతాయి. 'రిమూవ్ ఎవ్రీథింగ్' జోలికి వెళ్లకండి. మీది పాత రకం హార్డ్ డిస్క్ అయి, లోపల టక్ టక్ మని చప్పుడు వస్తుంటే మాత్రం ఇవేవీ చేయకండి. ఆన్ చేసిన ప్రతిసారీ డిస్కు ఇంకాస్త అరుగుతుంది. ఆపేసి డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వండి.

అమలాపురం నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి: నా ల్యాప్‌టాప్ క్రాష్ అయింది సార్. నీలం స్క్రీన్ మీద 48 అంకెల కీ అడుగుతోంది. షాపులో డేటా పోయినట్టే అన్నారు.

అది క్రాష్ కాదు బాబూ, తాళం. బిట్‌లాకర్ అంటారు. డిస్క్‌లో ఉన్నదంతా సంకేత భాషలోకి మార్చి దాచే ఏర్పాటు ఇది. బయాస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు లేచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయినా, లోపలి భాగాలు మార్చినా మనిషి మారాడేమోనని అనుమానించి కీ అడుగుతుంది. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి లాగిన్ అయి, డివైసెస్ విభాగంలో బిట్‌లాకర్ కీల కోసం చూడు. స్క్రీన్ మీది కీ ఐడీతో సరిపోయే 48 అంకెలు కొడితే తెరుచుకుంటుంది. అక్కడ లేకపోతే, కొన్న రోజు ఎవరి మెయిల్‌తో సెటప్ చేశారో గుర్తు తెచ్చుకో. మీ నాన్నగారిది కావచ్చు, అక్కది కావచ్చు, షాపు కుర్రాడు అప్పటికప్పుడు సృష్టించిందీ కావచ్చు. కీ దొరక్కపోతే ఎవరూ తెరవలేరు, మైక్రోసాఫ్ట్ కూడా. అందుకే అన్ని మెయిళ్లూ వెతికేదాకా ఫార్మాట్‌కు ఒప్పుకోకు.

రావులపాలెం నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి: 2024లో ప్రపంచమంతా కంప్యూటర్లు నీలంగా మారిన రోజు మా అబ్బాయి విమానం గంటల తరబడి ఆగింది. మన ఇంటి కంప్యూటర్‌కూ అలా అవుతుందా?

అది జూలై 19న. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల జరిగింది. ఆ సాఫ్ట్‌వేర్ కెర్నెల్‌లోనే కూర్చుంటుంది కాబట్టి, అది తడబడితే విండోస్ మొత్తం ఆగింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం సుమారు 85 లక్షల కంప్యూటర్లు. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. మందు మాత్రం చిన్నదే, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలు తీసేయడం. కాకపోతే చాలా చోట్ల మనిషి వెళ్లి ఒక్కో మెషీన్ దగ్గర కూర్చుని చేయాల్సి వచ్చింది. అది పెద్ద కంపెనీలు వాడే సరుకు, మీ ఇంట్లో ఉండదు.

భీమవరం నుంచి ఒక రొయ్యల చెరువుల అకౌంటెంట్: మేత లెక్కలు ఎక్సెల్‌లో కొడుతుండగా కరెంటు పోయింది. గంట పని పోయింది.

మళ్లీ ఎక్సెల్ తెరిచినప్పుడు ఎడమ పక్కన రికవరీ జాబితా వస్తుంది. కొట్టేయకుండా ఒక్కొక్కటి తెరిచి చూడండి. అసలు సేవే చేయని ఫైలయితే ఫైల్, ఇన్ఫో, మేనేజ్ వర్క్‌బుక్, రికవర్ అన్‌సేవ్డ్ వర్క్‌బుక్స్ అని వెళ్లండి. ఆటో రికవర్ మామూలుగా 10 నిమిషాలకోసారి దాస్తుంది. ఆప్షన్స్‌లో సేవ్ దగ్గర దాన్ని 2 చేయండి. వారానికోసారి లెక్కలు పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించండి. దాన్ని చెరువు గట్టు మీది షెడ్డులో ఉంచకండి, ఆ ఉప్పు గాలికి ఆరు నెలలకే తుప్పు పట్టినవి చూశాను. ఇంట్లో బీరువాలో పెట్టండి.