ఫోన్ మారింది గానీ ల్యాప్‌టాప్ మారలేదేటి?

విజయనగరం నుంచి ఎమ్మెస్‌కని డాలస్‌లో కొత్తగా దిగిన ఓ తమ్ముడు అడిగాడు: "అన్నియ్యా, ఫోన్‌లో టైమ్ దానంతటదే మారిపోయింది గానీ, ల్యాప్‌టాప్‌లో ఇంకా మన టైమే చూపిస్తోందేటి? వైఫైకి కలిపేను కదా!" ఆగస్టు, జనవరి నెలల్లో ఇదే ప్రశ్న పాలకొండ, బొబ్బిలి, టెక్కలి పిల్లలందరి నుంచీ వస్తుంది కాబట్టి జవాబు ఇక్కడే రాస్తున్నాను.

ఫోన్‌కి టవర్ చెబుతుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్ తియ్యగానే మొబైల్ నెట్‌వర్క్ టైమ్‌తో పాటు టైమ్‌జోన్ కూడా పంపిస్తుంది. ల్యాప్‌టాప్‌కి ఆ సదుపాయం లేదు. ఇంట్లో వైఫై రౌటర్ దానికిచ్చేది ఐపీ అడ్రసు, గేట్‌వే, డీఎన్‌ఎస్ లాంటి ఇంటర్నెట్‌కి కలవడానికి కావల్సిన వివరాలు, అంతవరకే. ఇంటర్నెట్‌లో ఉన్న టైమ్ సర్వర్‌తో గడియారం సరిచూసుకునే మాట నిజమే కానీ, ఆ సర్వర్ ఇచ్చేది యూటీసీ టైమ్, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం. నువ్వు డాలస్‌లో ఉన్నావో డెంకాడలో ఉన్నావో దానికి అక్కర్లేదు.

మరి రౌటరే చెప్పొచ్చు కదా అంటే, ఆ ఏర్పాటు ఉంది. రౌటర్ అడ్రసులు పంచే పద్ధతిని డీహెచ్‌సీపీ అంటారు, అందులో 2వ నంబరు ఆప్షన్ అందుకోసమే పెట్టారు. యూటీసీకి ఎన్ని సెకన్ల తేడానో అందులో పంపేవారు. మన దేశానికి 19800 (ఐదున్నర గంటలు) అని రాసేస్తే ఏడాది పొడవునా అదే. డాలస్‌లో వేసవికి గడియారం గంట ముందుకి జరుపుతారు కాబట్టి ఆ ఒక్క అంకె చాలదు. వేసవిలో 18000 సెకన్లు వెనక ఉంటుంది, నవంబరు వచ్చేసరికి 21600 అవుతుంది. అందుకని 2007లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4833 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం ఆ పాత ఆప్షన్‌ని పక్కన పెట్టి, 100, 101 అని రెండు కొత్తవి ఇచ్చింది. 100లో టైమ్ ఎప్పుడు మారుతుందో ఆ నియమంతో సహా పంపొచ్చు. 101లో జోన్ పేరు పంపితే చాలు. డాలస్‌కి 'అమెరికా/షికాగో', మనకి 'ఏషియా/కోల్‌కతా'. మిగతా లెక్క కంప్యూటర్ తన దగ్గరున్న టైమ్‌జోన్ డేటాబేస్‌లో చూసుకుంటుంది.

రాతలో అంతా బాగానే ఉంది గానీ, ఇళ్లల్లో ఉండే రౌటర్లు మామూలుగా ఇవి పంపవు, మన ల్యాప్‌టాప్‌లు అడగవు. ఆఫీసుల్లో కొన్ని రకాల డెస్క్ ఫోన్లు వాడుకుంటాయి. లైనక్స్‌లో నెట్‌వర్క్ సంగతి చూసుకునే సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ అనే ప్రోగ్రాముకి 'యూజ్ టైమ్‌జోన్' అనే సెట్టింగ్ ఉంది, అదీ మనం ఆన్ చేస్తే తప్ప పని చెయ్యదు. అలా ఉండడమే మంచిదని నా ఉద్దేశం. దారిన పోతూ కాఫీ షాపులో కలిపిన వైఫై మన గడియారాన్ని శాసించడం ఏం బాగుంటుంది?

అందుకని విండోస్‌లో లొకేషన్ ఆన్ చేసి, డేట్ అండ్ టైమ్‌లో టైమ్‌జోన్ ఆటోమేటిక్‌గా మారే ఆప్షన్ పెట్టండి. మ్యాక్‌లోనూ అంతే. చుట్టుపక్కల వైఫైలని బట్టి అది చోటు కనిపెడుతుంది. లొకేషన్ ఇష్టం లేకపోతే లిస్టులోంచి సెంట్రల్ టైమ్ మీరే ఎంచుకోండి, అర నిమిషం పని.

ఒక్క పని మాత్రం చెయ్యకండి. జోన్ ఇండియాలోనే ఉంచేసి, గంటలు మాత్రం చేత్తో వెనక్కి తిప్పడం. పైకి టైమ్ సరిగ్గానే కనిపిస్తుంది, లోపల యూటీసీ లెక్క వేసవిలో పదిన్నర, చలికాలంలో పదకొండున్నర గంటలు తప్పిపోతుంది. ఇంటర్వ్యూ ఇన్వైట్ వస్తే క్యాలెండర్ దాన్ని ఇండియా టైమ్‌లో చూపిస్తుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే లాగిన్ దగ్గరే మొరాయించొచ్చు. చాలా కంపెనీల్లో లాగిన్‌కి వాడే కెర్బరోస్ పద్ధతి మామూలుగా గడియారాల మధ్య 5 నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది. "టైమ్ సరిగ్గానే ఉంది కదన్నా" అని టెన్షన్ పడేవాళ్లలో ఎక్కువమంది చేసిన పని ఇదే.

సెలవుకి శ్రీకాకుళం వెళ్లి అక్కడినుంచే పని చేస్తానంటే దీనికి తలకిందుల కథ. ఐపీ అడ్రసుని బట్టి ఊరు ఊహించే ప్రోగ్రాములు కంపెనీ వీపీఎన్ (మన ఇంటర్నెట్‌ని కంపెనీ నెట్‌వర్క్ మీదుగా నడిపే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే మీరింకా టెక్సస్‌లోనే ఉన్నారనుకుంటాయి. అప్పుడు ఆటోమేటిక్ తీసేసి జోన్ చేత్తో పెట్టుకోవడమే మేలు. వీపీఎన్ లేనప్పుడు మన బ్రాడ్‌బ్యాండ్‌ని చూసి హైదరాబాద్ అనుకున్నా నష్టం లేదు, దేశమంతా ఒకటే టైమ్. అమెరికాలో ఆ వెసులుబాటు లేదు. టెక్సస్‌లోనే ఉన్న ఎల్ పాసో డాలస్ కంటే గంట వెనక.

ఇక ఇంటికి చేసే ఫోన్లు. నవంబరు మొదటి ఆదివారం డాలస్‌కి, మనకి తేడా పదిన్నర నుంచి పదకొండున్నర గంటలవుతుంది. మార్చి రెండో ఆదివారం మళ్లీ పదిన్నర. ఇక్కడ పొద్దున్న 7కి ఫోన్ చేస్తే వేసవిలో ఇంటి దగ్గర సాయంత్రం 5:30, చలికాలంలో 6:30. అమ్మ దీపం పెట్టే వేళకి ఫోన్ మోగితే ఎవరికి ఇబ్బందో చెప్పక్కర్లేదు. పండగలకీ ఈ లెక్కే. అక్టోబరులో విజయనగరం పైడితల్లమ్మ పండగలో సిరిమాను మధ్యాహ్నం 3కి కదిలితే, లైవ్‌లో చూడ్డానికి మీరు తెల్లవారుజామున 4:30కి లేవాలి. అరసవల్లిలో రథసప్తమి అర్ధరాత్రి 12కి అభిషేకం మొదలయ్యేసరికి మీకు ముందురోజు మధ్యాహ్నం 12:30, క్లాసులో ఉంటారు. విండోస్‌లో రెండో గడియారం పెట్టుకునే వీలుంది, దాన్ని ఇండియాకి పెట్టేయండి.