కొండ మెట్లు, బ్యాగులో కవర్లు

ప్రశ్న: మాది తిరుపతి. నాకు 27 ఏళ్లు, పెళ్లయి రెండేళ్లు. చిన్నప్పటి నుంచి నాకు 'అది' అంటే చచ్చేంత భయం. బస్సులో ఎవరైనా కర్చీఫ్ నోటికి అడ్డం పెట్టుకుంటే చాలు, నాకు చెమటలు పట్టి కడుపులో దేవినట్టవుతుంది. బయట ఏమీ తినను. బ్యాగులో ఎప్పుడూ రెండు కవర్లు, ఒక నిమ్మకాయ ఉండాల్సిందే. ఘాట్ రోడ్డుకు జడిసి కొండకు ప్రతిసారీ నడిచే ఎక్కుతాను, నడిచే దిగుతాను. మా కోడలికి ఎంత భక్తో అని అత్తయ్య అందరికీ చెప్పుకుంటారు. నాకు అది చివరిసారి అయింది నాలుగో తరగతిలో. ఇప్పుడు ఇంట్లో పిల్లల మాట ఎత్తుతున్నారు. మా అక్క మూడు నెలలు పడ్డ అవస్థ నేను కళ్లారా చూశాను. ఏదో ఒకటి చెప్పి వాయిదా వేస్తున్నాను. 'నేనంటే నీకు ఇష్టం లేదేమో' అని మొన్న మా ఆయన అన్నారు. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వాంతి అనే మాట ఒక్కచోట కూడా లేదు. అంతా 'అది'. మీ భయం ఎంత లోతుకు దిగిందో నాకు అక్కడే అర్థమైంది.

దీనికి పేరుంది, ఎమెటోఫోబియా అంటారు. చాలామందికి చిన్నతనంలోనే మొదలవుతుంది. వేవిళ్లకు జడిసి గర్భాన్ని వాయిదా వేసే ఆడవాళ్లు మీ ఒక్కరే కాదు. కాబట్టి 'నాకేమైనా పిచ్చా' అన్న ఆలోచన ముందు పక్కన పెట్టేయండి.

నాలుగో తరగతి అంటే దాదాపు 18 ఏళ్లు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వాంతి కాలేదు. కానీ కడుపులో తిప్పడం మాత్రం రోజూ ఉంది. ఎందుకంటే భయపడ్డప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, కడుపు పని నెమ్మదిస్తుంది, వికారం పుడుతుంది. ఆ వికారాన్ని చూసి మీరు ఇంకా భయపడతారు, భయం మళ్లీ వికారాన్ని పెంచుతుంది. పైగా ఏమీ తినకుండా బయల్దేరితే ఖాళీ కడుపుకే తిప్పడం ఎక్కువ. బరువు బాగా తగ్గినా, తిన్నది అరగకపోయినా ఒకసారి ఫిజీషియన్‌కు చూపించుకోండి. కడుపులో నిజంగా ఏదైనా తేడా ఉంటే తేలిపోతుంది.

ఇక ఆ కవర్లు. అవి మిమ్మల్ని కాపాడుతున్నాయని మీరు అనుకుంటున్నారు. నా లెక్కలో భయాన్ని మేపుతున్నవి అవే. ఏమీ కాని ప్రతిసారీ 'కవర్లు ఉన్నాయి కాబట్టి బతికాను' అని మనసు రాసుకుంటుంది. నడిచి కొండెక్కడమూ అంతే. 3,550 మెట్లు ఎక్కే కాళ్లున్న మీరు బస్సులో ముక్కాలు గంట కూర్చోలేకపోవడం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది. (మొక్కుంటే నడవండి, అది వేరే సంగతి.)

ముందు ఒక కాగితం మీద వాంతి అని రాయండి. పదిసార్లు, ఇరవైసార్లు. గుండె దడదడలాడుతుంది, ఆడనివ్వండి. కాసేపటికి దానంతటదే దిగుతుంది. ఆ దిగడం మీరు కూర్చుని చూడాలి, మధ్యలో లేచి పోకూడదు. తర్వాత తిరుచానూరు బస్సెక్కండి, ఒకే కవరుతో. అది అలవాటయ్యాక కవరు లేకుండా, ఇడ్లీ తిని ఎక్కండి. ఆ తర్వాత శ్రీనివాసమంగాపురం. కొండ సంగతి అప్పుడు చూద్దాం. అదీ మొదట బస్సులో ఎక్కి, నడిచి దిగండి. 1944 నాటి పాత ఘాట్‌లోనే మెలికలు ఎక్కువ, బస్సులు దిగేది దాంట్లోనే. 1974లో వేసిన ఎక్కే దారి కాస్త నయం.

బస్సులో నిజంగానే తల తిరగొచ్చు, అది భయం కాదు. మలుపు తిరిగిన సంగతి లోపలి చెవికి తెలుస్తుంది. ఫోన్ చూస్తున్న కంటికి తెలియదు. రెంటికీ లంకె కుదరక తిప్పుతుంది. ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డు చూడండి. నేను చిన్నప్పుడు భాకరాపేట ఘాట్‌లో కిటికీలోంచి కక్కేశాను. పక్కనున్న అవ్వ చీర కొంగుతో నా మూతి తుడిచి, మళ్లీ తన వేరుశనక్కాయల పనిలో పడిపోయింది. లోకానికి మన వాంతి అంతపాటి విషయమే.

ఇవన్నీ ఒంటరిగా చేయలేకపోతే, చాలామంది చేయలేరు కూడా, సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లను మార్చే మాటల చికిత్స) తెలిసిన సైకాలజిస్టు దగ్గరుండి చేయిస్తారు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడొచ్చు.

వేవిళ్ల విషయానికొస్తే, మీ అక్కకు వచ్చాయని మీకూ అంతే వస్తాయని లేదు. కొందరికి వికారమే గాని వాంతి ఉండదు, కొందరికి రెండూ ఉండవు. ఎక్కువమందికి నాలుగో నెలకల్లా సర్దుకుంటాయి. గర్భిణులు వేసుకోదగ్గ మందులున్నాయి. గర్భం వచ్చాక కాదు, ముందే గైనకాలజిస్టును కలిసి మీ భయం గురించి చెప్పండి. పిల్లలు ఎప్పుడన్నది మీ ఇద్దరి ఇష్టం, ఆ నిర్ణయం భయానికి వదలకండి.

అత్తగారికి ఇప్పుడే అన్నీ చెప్పనక్కర్లేదు. మీ ఆయనకు మాత్రం ఈ వారమే చెప్పండి. ఇంకో మాట: 'నాకేం కాదు కదా' అని మీరు అడిగితే 'ఏం కాదు' అనొద్దని ఆయనకు ముందే చెప్పి ఉంచండి. అలా అన్నకొద్దీ మళ్లీ మళ్లీ అడగాలనిపిస్తుంది. 'అయితే అవనీ, నేనున్నాగా' అంటే చాలు. చెప్పేటప్పుడు 'అది' అనకండి, వాంతి అనే అనండి. రెండేళ్లుగా పిల్లల మాట దాటవేస్తున్న భార్య 'నాకు అదంటే భయం' అంటే ఆయన ఇంకేదో అనుకుంటారు.